నాట్‌పీ కుంగిపోయింది ఓటీటీల వల్ల కాదు, కొనేవాళ్లు తగ్గిపోవడం వల్ల

మీరు రెండు విషయాలు అడిగారు. ఒకప్పుడు ప్రపంచంలోని టీవీ వ్యాపారులంతా ఏటా జనవరిలో చేరుకునే నాట్‌పీ, అంటే అమెరికాలోని టెలివిజన్ కార్యక్రమాల అధికారుల జాతీయ సంఘం, 2022లో దివాలా రక్షణ కోసం కోర్టుకు ఎందుకు వెళ్లవలసి వచ్చింది, దానికి ఓటీటీలే కారణమా అన్నది ఒకటి. ఆ పేరుతో ఇప్పుడు మయామీలో జరుగుతున్న మార్కెట్‌కు తెలుగులో సిరీస్ తీసిన చిన్న నిర్మాత వెళితే ఉపయోగం ఉంటుందా అన్నది రెండోది. హైదరాబాదులో చానళ్ల కోసం కార్యక్రమాలు కొనే పనిలోనూ, ఆ తర్వాత హక్కుల ఒప్పందాల పనిలోనూ చాలాకాలం ఉన్నాను. ఈ సంఘం చరిత్ర తెలుసుకోవడం నాకు ఉద్యోగంలో భాగమే అయింది. అందుకే కొంచెం విస్తారంగా రాస్తున్నాను.

ముందే చెప్పేస్తాను. ఓటీటీలు వచ్చేసరికే నాట్‌పీ సగం ఖాళీ అయింది. ఒక కార్యక్రమం కొనాలా వద్దా అని సొంతంగా తేల్చుకోగల మనుషులు అమెరికా అంతటా వందల సంఖ్యలో ఉన్నంతకాలం ఆ సంఘం పెరిగింది. స్టేషన్ల యాజమాన్యం కొన్ని కంపెనీల చేతుల్లోకి చేరి, ఆ మనుషులు కొద్దిమందే మిగిలినప్పుడు అది కుంగిపోయింది. ఈ రెండింటి వెనకా ఉన్నవి ప్రభుత్వ నిబంధనలే. మొదట కొన్ని నిబంధనలు పెట్టారు, తర్వాత వాటిని ఎత్తేశారు.

ఇది అర్థం కావాలంటే అమెరికా టీవీ ఎలా నడుస్తుందో కొంచెం తెలియాలి. మనకు చానల్ అంటే ఒకేచోట నుంచి ఉపగ్రహం ద్వారా రాష్ట్రమంతటా, దేశమంతటా కనిపించేది. అక్కడ టీవీ పుట్టింది ఊరి స్టేషన్‌గా. లైసెన్సు స్టేషన్‌కే ఇస్తారు, నెట్‌వర్కుకు కాదు. సీబీఎస్, ఎన్‌బీసీ, ఏబీసీ అనే మూడు నెట్‌వర్కులు కార్యక్రమాలు పంపుతాయి, వేరే వేరే యజమానుల చేతుల్లో ఉన్న స్టేషన్లు అనుబంధ ఒప్పందం మీద వాటిని ప్రసారం చేస్తాయి. నెట్‌వర్కులు కూడా స్టేషన్లను సొంతంగా పెట్టుకోవచ్చు, కానీ సంఖ్యకు పరిమితి ఉండేది. 1950ల నుంచి 1980ల దాకా ఒక కంపెనీకి ఏడు టీవీ స్టేషన్లకు మించి ఉండకూడదు. నెట్‌వర్కు రోజంతా కార్యక్రమాలు ఇవ్వదు కాబట్టి ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం, అర్ధరాత్రి తర్వాత ఏం వేయాలన్నది స్టేషన్ తేల్చుకోవాలి. ఏ నెట్‌వర్కుకూ చెందని స్వతంత్ర స్టేషన్ అయితే మొత్తం ఇరవై నాలుగు గంటలూ దాని భారమే.

ఆ ఖాళీని నింపే వ్యాపారం పేరు సిండికేషన్. మన సినిమా వ్యాపారం తెలిసినవాళ్లకు ఇది వెంటనే అందుతుంది. నిర్మాత తన సినిమాను నైజాం, సీడెడ్, ఉత్తరాంధ్ర, గుంటూరు, నెల్లూరు అంటూ ఏరియాలవారీగా బయ్యర్లకు అమ్ముకుంటాడు కదా, అక్కడ టీవీ కార్యక్రమాన్ని అలా ఊరూరా అమ్ముతారు. నీల్సన్ సంస్థ అమెరికాను 210 మార్కెట్లుగా విభజించింది. ఒక్కో మార్కెట్లో ఒక్క స్టేషన్‌కే హక్కు. న్యూయార్కులో ఒకరు కొంటే, చికాగోలో ఇంకొకరు, డేటన్‌లో మరొకరు కొంటారు. కొనేవాడి హోదా పేరు ప్రోగ్రామ్ డైరెక్టర్ లేదా ప్రోగ్రామ్ మేనేజర్. ఊళ్లోవాళ్లు సాయంత్రం ఐదు గంటలకు ఏం చూస్తారో, ఆదివారం ఉదయం ఏ సినిమా వేస్తే చర్చి నుంచి తిరిగి వచ్చినవాళ్లు కూర్చుంటారో అతనికి తెలియాలి. స్టేషన్ బడ్జెట్లో పెద్ద భాగాన్ని ఖర్చుపెట్టేది అతనే.

1963లో సంఘం పెట్టుకున్నది ఈ ప్రోగ్రామ్ మేనేజర్లే. ఇది చాలామంది మరచిపోయే విషయం. నాట్‌పీ అంటే అమ్మేవాళ్ల సంస్థ అనుకుంటారు. అది మొదట కొనేవాళ్ల సంస్థ. అంతకుముందే ప్రసారకర్తలకు ఎన్‌ఏబీ అనే పెద్ద జాతీయ సంఘం ఉంది. కానీ అది యజమానులది, జనరల్ మేనేజర్లది, ఇంజనీర్లది. లైసెన్సులు, ట్రాన్స్‌మిటర్లు, వాషింగ్టన్ రాజకీయాలు దాని ప్రధాన విషయాలు. తెర మీద ఏం వేయాలో ఆలోచించేవాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడానికి అక్కడ చోటు లేదు. 1961 మే 9న అదే ఎన్‌ఏబీ సభలో ఎఫ్‌సీసీ, అంటే సమాచార ప్రసార రంగాన్ని నియంత్రించే ఫెడరల్ కమిషన్, ఛైర్మన్ న్యూటన్ మినో ప్రసంగిస్తూ టీవీని విశాలమైన బీడుభూమి అన్నాడు. ఆ తర్వాత కార్యక్రమాల నాణ్యత దేశమంతటా చర్చకు వచ్చింది. 1962లో వచ్చిన చట్టం కొత్తగా అమ్మే ప్రతి టీవీ సెట్టులో యూహెచ్‌ఎఫ్ అనే అదనపు తరంగాల బ్యాండులోని చానళ్లు అందే ఏర్పాటు ఉండాలంది. దాంతో స్వతంత్ర స్టేషన్లు పెరగడానికి దారి పడింది. స్టేషన్లు పెరిగితే కార్యక్రమాలు కావాలి, కార్యక్రమాలను ఎన్నుకునే మనిషి విలువా పెరుగుతుంది.

ఆ తొలి తరంలో ఫిలడెల్ఫియాకు చెందిన లూ క్లైన్ ఒకడు. సంఘం స్థాపకుల్లో ఒకడైన అతను కాలేజీలో టీవీ పాఠాలు కూడా చెప్పినవాడు. వృత్తిని తర్వాతి తరానికి నేర్పాలన్న తపన ఆ సంఘంలో మొదటి నుంచీ ఉంది. అధ్యాపకులతో సంబంధాలు పెట్టుకున్నారు, విద్యా విభాగం నడిపారు, స్థానిక స్టేషన్లు తీసిన మంచి కార్యక్రమాలకు ఐరిస్ పేరుతో పురస్కారాలు ఇచ్చారు. నాట్‌పీ గురించి రాసేవాళ్లు పార్టీలు, స్టాళ్లు, తారల గురించే రాస్తారు. నాకు మాత్రం ఆ ఐరిస్ పురస్కారాలే ఆ సంఘం అసలు స్వభావానికి గుర్తుగా కనిపిస్తాయి. పెద్ద నగరం కాని చోట, తక్కువ డబ్బుతో, తమ ఊరి సమస్య మీద కార్యక్రమం తీసినవాళ్లను గుర్తించిన పురస్కారం అది.

అప్పట్లో కార్యక్రమాలు ఎలా తిరిగేవో చెప్పాలి. ఫిలిమ్ రీళ్లు, తర్వాత వీడియో టేపులు పోస్టులోనో కొరియర్‌లోనో ఒక స్టేషన్‌కు వెళ్లేవి. వాళ్లు ప్రసారం చేసుకుని తర్వాతి ఊరికి పంపేవాళ్లు. ఒకే టేపు ఎన్నో ఊళ్లు తిరిగేది. అందుకే సిండికేషన్‌లో వార్తలకు దగ్గరగా ఉండేవి, వేడి తగ్గితే పనికిరానివి నడిచేవి కావు. స్టేషన్లు తాము తీసినవి ఇతర స్టేషన్లకు ఇవ్వడం కూడా ఇలాగే జరిగేది. మైక్ డగ్లస్ షో 1961లో క్లీవ్‌లాండ్‌లో స్థానిక కార్యక్రమంగా మొదలై, 1963 నుంచి ఇతర ఊళ్లకు పాకింది. 1967లో ఒహాయోలోని డేటన్ అనే మామూలు పట్టణంలో ఫిల్ డోనహ్యూ ఒక టాక్ షో మొదలుపెట్టాడు. ప్రేక్షకులను మాట్లాడనిచ్చి, మైకు పట్టుకుని వాళ్ల మధ్యకు వెళ్లే పద్ధతిని నిలబెట్టింది అతనే. 1970 కల్లా అది దేశమంతటా అమ్ముడయ్యే స్థితికి వచ్చింది. డేటన్‌లో పుట్టినదాన్ని వేరే ఊరి ప్రోగ్రామ్ మేనేజర్ చూసి, ఇది మా ఊళ్లోనూ ఆడుతుంది అని గుర్తుపట్టడం వల్లే అది సాధ్యమైంది. వృత్తివాళ్ల సంఘం చేసే పని అదే.

ఇక అసలు మలుపు 1970లో వచ్చింది. ఎఫ్‌సీసీ రెండు నిబంధనలు తెచ్చింది. మొదటిదాన్ని ప్రైమ్ టైమ్ యాక్సెస్ నిబంధన అంటారు. దాని ప్రకారం 50 పెద్ద మార్కెట్లలో నెట్‌వర్కుల అనుబంధ స్టేషన్లు సాయంత్రం ఏడు నుంచి పదకొండు దాకా ఉండే నాలుగు గంటల్లో మూడు గంటలే నెట్‌వర్కు కార్యక్రమాలు వేయాలి. మిగిలిన గంటను నెట్‌వర్కుల పాత సీరియళ్లతో నింపడానికి కూడా వీల్లేదు. ఈ నిబంధన కోసం గట్టిగా వాదించినవాడు వెస్టింగ్‌హౌస్ వాళ్ల స్టేషన్ల అధినేత డోనాల్డ్ మెక్‌గానన్. 1971 శరదృతువులో అది అమల్లోకి వచ్చింది. రెండో నిబంధన ఆర్థిక వాటాలకు, సిండికేషన్‌కు సంబంధించినది. నెట్‌వర్కులు తాము ప్రసారం చేసే స్వతంత్ర నిర్మాతల కార్యక్రమాల్లో యాజమాన్య వాటా తీసుకోకూడదు, వాటిని తర్వాత స్టేషన్లకు అమ్మే వ్యాపారం చేయకూడదు.

ఈ రెండో నిబంధనను కొంచెం నిలబడి చూడాలి. మీ రెండో ప్రశ్నకు జవాబు దీనిలోనే ఉంది. అప్పట్లో నిర్మాతకు నెట్‌వర్కు ఇచ్చే లైసెన్సు డబ్బు ఎపిసోడ్ ఖర్చుకు చాలేది కాదు. ప్రతి ఎపిసోడ్ మీదా నిర్మాతకు లోటు మిగిలేది. అయినా ఎందుకు తీసేవాడంటే, నెట్‌వర్కుకు ఇచ్చింది రెండు ప్రసారాల హక్కు మాత్రమే. ఆ తర్వాత కార్యక్రమం నిర్మాతదే. నాలుగైదేళ్లు నడిచి వంద ఎపిసోడ్ల దాకా పోగైతే, వారానికి ఐదు రోజుల చొప్పున వేసుకోవడానికి దేశంలోని స్టేషన్లన్నిటికీ అమ్మవచ్చు. లాభమంతా అక్కడే. నిబంధన ఆ లాభాన్ని నిర్మాత చేతిలో ఉంచింది. సీబీఎస్ తన సిండికేషన్ విభాగాన్ని 1971లో వేరే కంపెనీగా విడదీయవలసి వచ్చింది. ఆ కంపెనీ పేరు వయాకామ్. ముప్ఫై ఏళ్లు తిరగకముందే, 2000లో, ఆ వయాకామే వెనక్కి వచ్చి సీబీఎస్‌ను కొనేసింది.

యాక్సెస్ నిబంధన ఉద్దేశం స్థానిక కార్యక్రమాలు పెంచడం. జరిగింది ఎక్కువగా ఇంకొకటి. ఆ గంటలో ముఖ్యంగా రాత్రి ఏడున్నరకు అరగంట ఖాళీ వచ్చేసరికి స్టేషన్లు చవకగా దొరికే గేమ్ షోలతో నింపాయి. విమర్శకులు దీన్నే పట్టుకుని నిబంధన విఫలమైందంటారు. నేను ఆ మాటతో ఏకీభవించను. మంచివీ వచ్చాయి. జిమ్ హెన్సన్ బొమ్మలాట కార్యక్రమాన్ని, అదే మపెట్ షోను, అమెరికా నెట్‌వర్కులు వద్దన్నాయి. ఇంగ్లండులో లూ గ్రేడ్ కంపెనీ దాన్ని నిర్మించింది. 1976లో అది అమెరికా స్టేషన్లకు ఈ ఖాళీ గంట ద్వారానే చేరింది. అదే ఏడు శాన్ ఫ్రాన్సిస్కోలోని కేపీఐఎక్స్ స్టేషన్ ఈవినింగ్ మ్యాగజైన్ అనే కార్యక్రమం మొదలుపెట్టింది. 1978 నుంచి దాన్ని పీఎం మ్యాగజైన్ పేరుతో ఇతర ఊళ్లకు ఇచ్చారు. అందులో చేరిన ప్రతి స్టేషన్‌కూ సొంత వ్యాఖ్యాతలు ఉంటారు, తమ ఊరి కథనాలు తీస్తారు, మంచివాటిని మిగతా స్టేషన్లతో పంచుకుంటారు. నిబంధన పెట్టినవాళ్లు కోరుకున్నది ఇటువంటిదే.

నెట్‌వర్కులు తోసేసినవాటికి కూడా ఆ గంటలు ఆశ్రయమిచ్చాయి. 1971లో నెట్‌వర్కులు పల్లెటూరి వాసన ఉన్నవాటిని, పెద్దవయసువాళ్లు చూసేవాటిని వదిలించుకున్నాయి. అలా పోయిన హీ హా, లారెన్స్ వెల్క్ షో నేరుగా స్టేషన్ల దగ్గరకు వెళ్లి ఎన్నో ఏళ్లు బతికాయి. అవి డబ్బుకు బదులు ప్రకటనల సమయం తీసుకునే పద్ధతిలో నడిచాయి. స్టేషన్ కార్యక్రమాన్ని ఉచితంగా తీసుకుంటుంది, అందులో కొన్ని నిమిషాల ప్రకటనలను నిర్మాత ముందే జాతీయ కంపెనీలకు అమ్ముకుంటాడు, మిగతా నిమిషాలు స్టేషన్ అమ్ముకుంటుంది. దూరదర్శన్‌లో 1980లలో ప్రాయోజిత కార్యక్రమాలు వచ్చినప్పుడు ప్రసార రుసుము కట్టి, దానికి ప్రతిగా దక్కిన ప్రకటన సెకన్లను అమ్ముకుని నిర్మాతలు ఖర్చు రాబట్టుకున్నారు. తర్వాత తెలుగు ప్రైవేటు చానళ్లలో స్లాటు కొనుక్కుని నడిపిన నిర్మాతలది కూడా ఇంచుమించు అదే లెక్క. కాబట్టి ఆ పద్ధతి మనకు కొత్తదేమీ కాదు.

1976 ప్రాంతంలో ప్రోగ్రామ్ మేనేజర్ల బలం ఎంతో తెలిపే సంఘటన ఒకటి ఉంది. నార్మన్ లియర్ అప్పటికే దేశంలో అతిపెద్ద టీవీ నిర్మాత. అతను తీసిన మేరీ హార్ట్‌మన్, మేరీ హార్ట్‌మన్ అనే వ్యంగ్య ధారావాహికను నెట్‌వర్కులు వద్దన్నాయి. లియర్ స్టేషన్ల వాళ్లను లాస్ ఏంజలెస్‌కు పిలిచి, తన ఇంట్లో భోజనం పెట్టి, కార్యక్రమం చూపించి, ఒక్కొక్కరికీ విడివిడిగా అమ్ముకున్నాడు. మూడు నెట్‌వర్కులు కాదన్నదాన్ని ఊరూరి మేనేజర్లు తెర మీదకు తెచ్చారు. ఆ తర్వాత ఆల్ మసీనీ అనే ఆయన స్వతంత్ర స్టేషన్లను కూడగట్టి, అందరూ తలా కొంత డబ్బు వేసుకుని నెట్‌వర్కుల స్థాయి కార్యక్రమాలు తీయించుకునే ఆపరేషన్ ప్రైమ్ టైమ్ అనే ఏర్పాటు చేశాడు. 1981లో అతనే ఎంటర్‌టైన్‌మెంట్ టునైట్ మొదలుపెట్టాడు. టేపులు తిప్పే పాత పద్ధతికి బదులు దాన్ని రోజూ ఉపగ్రహం ద్వారా అన్ని స్టేషన్లకూ ఒకేసారి పంపారు. ఏ రోజు సినిమా వార్త ఆ రోజే చూపడం దానివల్లే కుదిరింది.

నాట్‌పీ జనవరి సదస్సు పెరిగి పెద్ద మార్కెట్‌గా మారిన కాలం ఇదే. సంఘంలో అమ్మేవాళ్లు అనుబంధ సభ్యులుగా చేరారు. మొదట హోటల్ గదుల్లో కూర్చుని చూపించేవాళ్లు, తర్వాత ప్రదర్శనశాలల్లో స్టాళ్లు వేశారు. స్టాళ్లు కాస్తా మెట్లూ మేడలూ ఉన్న భవనాల్లా తయారయ్యాయి. న్యూ ఆర్లియన్స్, లాస్ వేగాస్, శాన్ ఫ్రాన్సిస్కో వంటి నగరాల్లో సదస్సులు జరిగేవి. కార్యక్రమ వ్యాఖ్యాతలు, నటులు వచ్చి నిలబడి చిన్న చిన్న ఊళ్ల మేనేజర్లతో ఫోటోలు దిగేవాళ్లు. ఆ మేనేజర్ తన ఊరికి తిరిగి వెళ్లాక ఆ ఫోటో ఆఫీసు గోడకు ఎక్కేది. దీన్ని ఆడంబరమని కొట్టిపారేయలేం. 210 మార్కెట్లలో ప్రతి సంతకమూ లెక్కకు వస్తుంది. దేశంలో దాదాపు 70 శాతం ఇళ్లకు చేరే స్టేషన్లు సంతకం పెడితే తప్ప కొత్త కార్యక్రమానికి జాతీయ ప్రకటనకర్తలు రారు. చిన్న ఊరి మేనేజర్ కూడా ఆ లెక్కలో ఒక అంకె.

ఆ దశాబ్దంలో రాజులు కింగ్ వరల్డ్ వాళ్లు. 1964లో తండ్రి చార్లెస్ కింగ్ పాత పిల్లల హాస్య చిత్రాల హక్కులతో మొదలుపెట్టిన చిన్న కుటుంబ కంపెనీని కొడుకులు రోజర్, మైకేల్ నడిపారు. 1983లో వీల్ ఆఫ్ ఫార్చ్యూన్ అనే గేమ్ షో సాయంత్రపు రూపాన్ని, 1984లో జెపర్డీ అనే మరో గేమ్ షోను, 1986 సెప్టెంబరు 8న ఓప్రా విన్‌ఫ్రీ షోను దేశమంతటికీ ఇచ్చారు. చికాగోలో స్థానిక ఉదయపు కార్యక్రమం నడుపుతున్న ఓప్రాను 25 ఏళ్లపాటు దేశం చూసింది. ఒక నల్లజాతి మహిళ తన కార్యక్రమానికి తానే యజమాని కాగలగడం నెట్‌వర్కు దారిలో అంత తొందరగా జరిగేది కాదని నా నమ్మకం. 1987లో పారమౌంట్ స్టార్ ట్రెక్ కొత్త తరాన్ని ఏ నెట్‌వర్కుకూ ఇవ్వకుండా నేరుగా స్టేషన్లకు అమ్మింది. కాస్బీ షో పాత ఎపిసోడ్ల కోసం వయాకామ్ స్టేషన్ల మధ్య వేలం పెడితే మొత్తం 50 కోట్ల డాలర్లు దాటింది, ఆ ప్రసారాలు 1988లో మొదలయ్యాయి. ఎన్‌బీసీ ఒక్క ఏడాదికే ఆపేసిన బేవాచ్ 1991లో సిండికేషన్‌కు వచ్చి ప్రపంచమంతా తిరిగింది. విదేశీ కొనుగోలుదారులు కూడా నాట్‌పీకి రావడం మొదలైంది.

ఇప్పుడు పతనం సంగతి. ఇది ఒక్కరోజులో జరగలేదు.

1985లో స్టేషన్ల పరిమితి ఏడు నుంచి పన్నెండుకు పెరిగింది, మొత్తం మీద దేశంలోని ఇళ్లలో 25 శాతానికి మించి చేరకూడదన్నారు. 1986లో ఫాక్స్, 1995 జనవరిలో యూపీఎన్, డబ్ల్యూబీ అనే కొత్త నెట్‌వర్కులు వచ్చాయి. అప్పటిదాకా స్వతంత్రంగా ఉన్న స్టేషన్లు వాటికి అనుబంధమయ్యాయి. రాత్రి ఎనిమిది గంటలకు ఏం వేయాలో తేల్చుకునే పని వాటి మేనేజర్ల చేతిలో నుంచి జారిపోయింది. 1991లో సడలించడం మొదలుపెట్టిన ఆర్థిక వాటాల నిబంధన 1995కల్లా పూర్తిగా పోయింది. యాక్సెస్ నిబంధన 1996లో పోయింది. అదే ఏడాది వచ్చిన టెలికమ్యూనికేషన్ల చట్టం ఒక కంపెనీ ఎన్ని స్టేషన్లయినా పెట్టుకోవచ్చంది, చేరిక పరిమితిని 35 శాతానికి పెంచింది. 2004లో అది 39 అయింది. 1999 నుంచి ఒకే ఊళ్లో రెండు స్టేషన్లకూ కొన్ని షరతులతో వీలిచ్చారు.

ఫలితం చూడండి. డిస్నీ ఏబీసీని కలుపుకుంది. సీబీఎస్ 1999లో కింగ్ వరల్డ్‌ను కొనడానికి ఒప్పందం చేసుకుంది. అమ్మేవాడూ కొనేవాడూ ఒకే ఇంటివాళ్లయ్యారు. స్టేషన్లు పదుల సంఖ్యలో ఒక్కో గ్రూపు కిందికి చేరాయి. గ్రూపు కేంద్ర కార్యాలయంలో కూర్చున్న ఒక్క మనిషి నలభై ఊళ్లకు కలిపి కొంటాడు. చాలా స్టేషన్లలో ప్రోగ్రామ్ డైరెక్టర్ అనే ఉద్యోగమే రద్దయింది. ఏ వృత్తివాళ్ల కోసం సంఘం పుట్టిందో ఆ వృత్తే లేకుండా పోయింది. నా దృష్టిలో ఈ మొత్తం కథలో బాధపడవలసినది ఇదే. ఊరి ప్రేక్షకులను ఎరిగిన మనిషి ఒకడు తెరకూ వ్యాపారానికీ మధ్య నిలబడి ఉండేవాడు. అతని స్థానంలో ఇప్పుడు లెక్కల పట్టిక ఉంది.

స్టూడియోల వైపు నుంచి చూస్తే లెక్క ఇంకా సులభం. పెద్ద గ్రూపులతో ఒప్పందాలు శరదృతువులోనే ఫోన్ల మీద, వాళ్ల ఆఫీసుల్లోనే ముగిసిపోతున్నప్పుడు, జనవరిలో భారీ ఖర్చుతో స్టాలు కట్టడం ఎందుకు? 2001 సెప్టెంబరు దాడుల తర్వాత ప్రకటనల ఆదాయం పడిపోవడం వాళ్లకు సాకు ఇచ్చింది. 2002 జనవరి లాస్ వేగాస్ సదస్సుకు పెద్ద స్టూడియోలు చాలావరకు ప్రదర్శనశాల వదిలేసి హోటల్ గదులకు వెళ్లిపోయాయి. స్టాళ్ల అద్దె మీద బతుకుతున్న లాభాపేక్ష లేని సంఘానికి ఇది నడుము విరిగిన దెబ్బ. అప్పటికి యూట్యూబ్ లేదు, నెట్‌ఫ్లిక్స్ పోస్టులో డీవీడీలు పంపుతోంది. ఓటీటీల వల్లే నాట్‌పీ పోయిందనేవాళ్లు ఈ సంవత్సరాన్ని ఒకసారి గుర్తు చేసుకోవాలి.

ఆ తర్వాతి ఇరవై ఏళ్లు సంఘం బతకడానికి చేసిన ప్రయత్నాలను నేను గౌరవంతోనే చూస్తాను. 2003లో వచ్చిన రిక్ ఫెల్డ్‌మన్ నాయకత్వంలో దాన్ని చిన్నగా, వ్యాపారానికి పనికొచ్చేలా సరిదిద్దారు. 2004 నుంచి, ఒకప్పుడు ఎన్‌బీసీ కార్యక్రమాల విభాగం నడిపిన బ్రాండన్ టార్టికాఫ్ పేరుతో పురస్కారాలు ఇచ్చారు. 2011లో సదస్సును మయామీ బీచ్‌కు మార్చారు. లాటిన్ అమెరికా నుంచి కొనేవాళ్లకూ, ఆ దేశాల ధారావాహికలు అమ్మేవాళ్లకూ మయామీ దగ్గర. అమెరికా ఊరి స్టేషన్లు పోయిన చోట కొత్త బయ్యర్లను వెతుక్కోవడం సరైన ఆలోచనే. అదే ఏడాది బుడాపెస్ట్‌లో జరిగే తూర్పు యూరప్ మార్కెట్ డిస్కాప్‌ను కూడా తీసుకున్నారు. కానీ పోటీ గట్టిది. ఏటా వసంతంలో, శరత్తులో ఫ్రాన్స్‌లోని కాన్‌లో మార్కెట్లు జరిగేవి. మే నెలలో స్టూడియోలే లాస్ ఏంజలెస్‌లో విదేశీ బయ్యర్లకు కొత్త సిరీస్‌లు చూపించేవి.

కోవిడ్ వచ్చి 2021 సదస్సును ఆన్‌లైన్‌కు పరిమితం చేసింది. 2022 జనవరి సదస్సు సరిగ్గా ముందు ఒమిక్రాన్ వల్ల రద్దయింది. ఏడాదికి ఒక్క పంట మీద బతికే సంస్థకు వరుసగా రెండు పంటలు పోయాయి. 2022 అక్టోబరులో అది దివాలా చట్టం పదకొండో అధ్యాయం కింద రక్షణ కోరింది. కొద్ది నెలల్లోనే కెనడాకు చెందిన బ్రూనికో కమ్యూనికేషన్స్ దాని పేరునూ, మార్కెట్లనూ కొన్నది. 2023 జూన్‌లో బుడాపెస్ట్ మార్కెట్, 2024 జనవరిలో మయామీ మార్కెట్ వాళ్ల చేతుల మీదుగా జరిగాయి. కాబట్టి ఇప్పుడు నాట్‌పీ అన్న పేరుతో ఉన్నది ఒక ప్రచురణ సంస్థ నడిపే వ్యాపార కార్యక్రమం. సభ్యులు ఓట్లేసి నడుపుకున్న 1963 నాటి సంఘం ముగిసింది. కాన్ వసంత మార్కెట్ మిప్‌టీవీ కూడా 2024 ఏప్రిల్‌తో అక్కడ ఆగిపోయి లండన్‌కు తరలింది.

ఓటీటీల పాత్ర ఏమీ లేదనడం లేదు. 2021లో జడ్జ్ జూడీ అనే కోర్టు కార్యక్రమం 25 సీజన్ల తర్వాత ముగిసింది, దాన్ని నడిపిన జడ్జి కొత్త కార్యక్రమం స్ట్రీమింగ్‌కు వెళ్లింది. 2022లో ఎలెన్ డిజెనరస్ టాక్ షో ముగిసింది. ఆ ఖాళీల్లో స్టేషన్ల గ్రూపులు మరో గంట స్థానిక వార్తలు పెట్టుకుంటున్నాయి. 2019లో ట్రిబ్యూన్ అనే గ్రూపును కొన్నాక నెక్స్‌టార్ అనే ఒక్క గ్రూపు చేతిలోకే దాదాపు 200 స్టేషన్లు చేరాయి. కానీ ఒక్క మాట గమనించండి. అంతమంది మేనేజర్లు ఇప్పటికీ విడివిడిగా ఉండి ఉంటే, ఓటీటీ వచ్చినా వాళ్లు కలుసుకోవడానికి ఒక చోటు అవసరమయ్యేది.

మన దగ్గర ఇటువంటి సంఘం ఎందుకు లేదని మీరు అడగవచ్చు. కారణం నిర్మాణంలోనే ఉంది. ఊరి స్టేషన్ మనకు లేదు. 1995లో జెమిని, ఈటీవీ వచ్చినప్పుడే అవి తెలుగువాళ్లందరికీ ఒకేసారి చేరే చానళ్లు. తెలుగు కార్యక్రమం కొనగలిగేవాళ్లు మొదటి నుంచీ వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే. 1999లో ఏర్పడిన భారత ప్రసారకర్తల ఫౌండేషన్ చానళ్ల యాజమాన్యాల సంస్థ, కార్యక్రమాలు ఎన్నుకునే ఉద్యోగులది కాదు. పైగా మన చానళ్లు సాధారణంగా ఎపిసోడ్‌కు ఇంత అని డబ్బిచ్చి తీయించుకుంటాయి, హక్కులన్నీ శాశ్వతంగా చానల్ పేరునే రాయించుకుంటాయి. సీరియల్ వెయ్యి ఎపిసోడ్లు నడిచి, ఇంకో భాషలోకి డబ్బింగ్ అయి, ఓటీటీలో కనిపించినా నిర్మాతకు అదనంగా రావలసిందేమీ ఉండదు. అమెరికాలో 1970 నాటి నిబంధన ఆపాలని చూసింది సరిగ్గా దీన్నే. మనకు అటువంటి నిబంధన ఎప్పుడూ రాలేదు. మన నిర్మాతల సంఘాలు ఎపిసోడ్ ధర మీద పెట్టిన శ్రద్ధలో కొంతైనా హక్కుల మీద పెట్టాలని ఎన్నేళ్లుగానో అంటున్నాను, ఇక్కడా అంటున్నాను.

ఇక మీ సిరీస్ సంగతి. మయామీ మార్కెట్ ప్రధానంగా ఉత్తర, దక్షిణ అమెరికాల బయ్యర్లది, అక్కడ బేరాలు ఎక్కువగా ఇంగ్లీషు, స్పానిష్, పోర్చుగీసు భాషల్లో వేసుకోగలిగిన వాటి మీద జరుగుతాయి. తెలుగు సిరీస్‌ను ఉన్నదున్నట్టు అమ్మడానికి అయితే అంత దూరం ఖర్చుపెట్టుకుని వెళ్లవద్దు. అమెరికాలోని తెలుగు ప్రేక్షకుల కోసమైతే మధ్యవర్తి మార్కెట్ అవసరం లేదు, తెలుగు ఓటీటీలతో నేరుగా మాట్లాడవచ్చు. మీ కథను వాళ్ల భాషలో మళ్లీ తీసుకునే హక్కు, అంటే రీమేక్ హక్కు, అమ్మాలనుకుంటే మాత్రం ఆలోచించవచ్చు. అదీ ఒక మంచి పంపిణీదారు ద్వారా అయితే మేలు. దాని కోసం నాలుగు పేజీల కథాసారం, ఇంగ్లీషు సబ్‌టైటిళ్లతో మొదటి ఎపిసోడ్, రచయిత నుంచి మీకు హక్కులు బదిలీ అయినట్టు సంతకాలున్న పత్రం సిద్ధంగా ఉండాలి. పాటలూ నేపథ్య సంగీతమూ ఎవరివో కూడా రాసి ఉండాలి, చాలా ఒప్పందాలు అక్కడే ఆగిపోతాయి.

వీటన్నిటికంటే ముందు, సిరీస్ తీయించుకున్న ప్లాట్‌ఫారంతో మీరు చేసుకున్న ఒప్పందం బయటకు తీసి చూడండి. అందులో హక్కుల పేరా చదవండి. ప్రపంచవ్యాప్తంగా, అన్ని భాషల్లో, అన్ని మాధ్యమాల్లో, శాశ్వతంగా అన్న నాలుగు మాటలూ అక్కడ ఉంటే మీ దగ్గర అమ్మడానికి ఏమీ మిగలలేదు. రీమేక్ హక్కు మీ దగ్గరే ఉంచినట్టు ఉంటే, లేదా హక్కులకు కాలపరిమితి రాసి ఉంటే, ఆ పేరాను పేర్లు తీసేసి ఇక్కడ పెట్టండి. ఏ హక్కును ఎక్కడ, ఎవరికి చూపించవచ్చో చెబుతాను.